ఎనిమిదో డబ్బా ఎరుపు

ఫిబ్రవరి 3

గోడలాయన వచ్చి వెళ్ళాడు. ఎనిమిదో డబ్బా వెనక్కి తెచ్చాడు.

పాత నాటకశాల గోడల మీద బొమ్మలు బాగుచేసే మనిషికి నా ఎరుపుకు వంక పెట్టే ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు. మూత తీసి కాగితం మీద ఒక గీత గీశాడు. పక్కనే ఏడో డబ్బాలోంచి ఇంకో గీత గీశాడు. "మేడమ్, ఇది కొంచెం నారింజ వైపు పోయింది, చూడండి" అన్నాడు. చూశాను. రెండూ ఒకటే. ఒకటే అని చెప్పాను. ఆయన మా తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నేల వైపు చూశాడు. నేల మీద చూడటానికి ఏమీ లేదు, పొద్దున్నే నేనే ఊడ్చాను.

పన్నెండు డబ్బాలు కావాలన్నది ఆయనే. ఏడు తీసుకెళ్ళి గోడకు పూశాడు, పల్లెత్తు మాట అనలేదు. పైగా ఆరోది చూసి "అచ్చం మీ నాన్నగారి చెయ్యి" అన్నాడు. నలభై ఏళ్ళ కింద ఆ గోడల అంచులకు వేసిన ఎరుపు మా నాన్న పసుపు మన్ను కాల్చి చేసిందే. దాన్ని మళ్ళీ కాల్చగలిగేది నేనొక్కదాన్నే అని అడ్రసు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. ఇప్పుడేమో నారింజట.

పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "ఇంకోటి ఇలా వస్తే నా చేతుల్లో ఉండదు మేడమ్. నాటకశాల కమిటీ వాళ్ళు ఫ్యాక్టరీ రంగు వాడమని మొదట్నించీ నా ప్రాణం తీస్తున్నారు" అన్నాడు.

ఫ్యాక్టరీ రంగు. మా నాన్న కార్ఖానాలో నిలబడి, మా నాన్న పెనం ముందు, ఆ మాట అన్నాడు.

ఈ నోటుబుక్కు ముందు పేజీల్లో ఏ బస్తా మన్ను ఏ రోజు నానబెట్టామో ఉంటుంది. వెనక పేజీలు ఎవరూ తిప్పరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నోటితో అంటే "అక్కకు కోపం వచ్చింది" అని ఇల్లంతా మునివేళ్ళ మీద నడుస్తారు.

ఫిబ్రవరి 4

ఎనిమిదో డబ్బా మళ్ళీ చూశాను. ఎరుపే.

ఫిబ్రవరి 6

తమ్ముడు అన్నం దగ్గర కాసేపు నీళ్ళు నమిలాడు.

"అక్కా, ఒకసారి కళ్ళు చూపించుకుంటే బాగుంటుందేమో."

"ఎవరి కళ్ళు?"

"అదే... ఊరికే. వయసు వస్తోంది కదా."

"నీకంటే ఆరేళ్ళు పెద్దదాన్ని. అరవై ఏళ్ళు కాదు."

ఇంకో ముద్ద తిని లేచిపోయాడు. నాకు యాభై ఆరు. పసుపు మన్నును ఎర్రగా కాల్చడం మొదలుపెట్టి ముప్ఫై మూడేళ్ళు. ఈ పని కంటితోనే చేస్తాను, కన్ను పోతే నాకు తెలియదా?

పెనం మీద ఉన్న రంగును నమ్మకూడదు. ఇది నాన్న నాకు మొదటి రోజు చెప్పిన మాట. వేడిలో మన్ను ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది, చల్లారాక లేతపడుతుంది. కాబట్టి కావలసిన ఎరుపు దాటి ఒక మెట్టు ముదిరిందాకా తెడ్డుతో తిప్పుతూ ఆగాలి. అప్పుడు దింపాలి. ముందే దింపితే నారింజ అవుతుంది. ఆ ఒక్క మెట్టు ఎక్కడుందో గడియారం చెప్పదు, కన్ను చెప్పాలి. నాన్న కిటికీ పక్కన ఒక చెక్క పెట్టుకునేవాడు. దాని మీద తను కాల్చిన ప్రతి రంగూ ఒక్కో పట్టీగా పూసి ఉంటుంది. చల్లారిన ప్రతిసారీ దాంతో పోల్చుకునేవాడు. నాకు ఆ చెక్కతో పనిలేదు. ఇరవై ఏళ్ళయింది దాని మొహం చూసి. ఆ ఎరుపు నా తలలో ఉంది. తలలో ఉన్నది ఎండకు వెలిసిపోదు, చెదలు పట్టదు.

అసలు కార్ఖానాలో వెలుతురు బాగాలేదు. బల్బు మార్చమంటే తమ్ముడు కొత్తది తెచ్చి పెట్టాడు. అదీ పసుపే. ఇప్పుడన్నీ నాసి సరుకే వస్తోంది.

ఫిబ్రవరి 7

బస్సు నంబర్లు కూడా చిన్నవి చేశారు. రెండు బస్సులు వదిలేశాను.

ఫిబ్రవరి 10

మరదలు వచ్చింది. చెల్లెలి కాన్పుకని వెళ్ళి పద్దెనిమిది రోజులు కూర్చుంది. వచ్చీ రాగానే సంచి గుమ్మంలోనే పడేసి తొట్ల దగ్గరకు పరిగెత్తింది.

"వదినా, నేను లేకపోతే చిక్కిపోయారే."

"నువ్వు లేక కాదు. నీ మొగుడి వంట తిని."

నవ్వింది. ఈ ఇంటికి వచ్చి పదిహేడేళ్ళు. ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి ఎదురు చెప్పిన పాపాన పోలేదు. "అలాగే వదినా" అంటూనే పుట్టిందేమో. పెనం ముట్టుకోనివ్వను కానీ, మన్ను తేర్చడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. పసుపు మన్ను గడ్డలు నానబెట్టి, కలియబెట్టి, ఇసుక కిందికి దిగేదాకా ఆగి, పైన తేలే బురదనీళ్ళను రెండో తొట్లోకి వంచుతుంది. అక్కణ్ణించి మూడో తొట్లోకి. నాలుగో తొట్టి అడుగున మిగిలేది వేళ్ళ మధ్య పెట్టి రుద్దితే ఉన్నట్టే తెలియదు. తమ్ముడు వంచితే ఇసుకా వస్తుంది, చెత్తా వస్తుంది, అప్పుడప్పుడు చెప్పు కూడా వస్తుంది. ఆమె లేని పద్దెనిమిది రోజుల్లో ఆ ఎనిమిదో డబ్బా ఒక్కటే తయారైంది, అదీ అంతకు ముందు ఆమె తేర్చి ఆరబెట్టి వెళ్ళిన మన్నుతోనే.

ఆమె పనితనం గురించి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతుంది.

"ఎనిమిదోది వెనక్కి వచ్చిందట కదా" అని అడిగింది చేతులు కడుక్కుంటూ. మొహం పాలిపోయింది. "నేను ఉండాల్సింది వదినా."

"నువ్వుండి ఏం చేసేదానివి? ఆయనకు టీ ఇచ్చేదానివా?"

ఈసారి "అలాగే వదినా" అనలేదు. తొట్ల దగ్గరకు వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 12

తొమ్మిదో డబ్బా మొదలుపెట్టాను. ఒక డబ్బా నిండాలంటే నాలుగు పెనాలు కాల్చాలి, రోజుకు ఒక పెనం. ఇవాళ్టిది బ్రహ్మాండంగా వచ్చింది. గోడలాయన వచ్చి నారింజ అనమనండి, ఆ డబ్బా ఆయన నెత్తినే బోర్లిస్తాను.

మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చి లేచాను. మూడున్నరకు కార్ఖానాలోకి వెళితే పొయ్యి వెచ్చగా ఉంది. నేను పదకొండింటికే ఆర్పేశాను.

ఫిబ్రవరి 13

ఇవాళ కూడా పొయ్యి వెచ్చగా ఉంది.

ఫిబ్రవరి 14

ఇప్పుడు అర్థమైంది. మరదలు నా పెనం మీద కన్నేసింది. నేను పడుకోగానే నేర్చుకుంటోంది. తమ్ముడికి తెలియకుండా ఉంటుందా? అందుకే కళ్ళు కళ్ళు అని నా వెంట పడ్డాడు. నా కళ్ళు పోయాయని నలుగురూ అనుకుంటే పెనం ఆమె చేతికి వస్తుంది. నోట్లో వేలు పెడితే కొరకలేదనుకున్నాను పదిహేడేళ్ళూ.

పట్టుకుంటాను. పట్టుకుని ఇద్దర్నీ కడిగేస్తాను.

ఫిబ్రవరి 17

పట్టుకున్నాను.

మధ్యాహ్నం గదిలోకి వెళ్ళి తలుపు వేసి, మంచం కిర్రుమనేలా ఒకసారి కూర్చుని లేచాను. చెప్పులు లేకుండా వెనక వరండా మీదుగా వెళ్ళి కార్ఖానా కిటికీ దగ్గర నిలబడ్డాను. మరదలు పొయ్యి వెలిగించింది. పొద్దున నేను కాల్చి చల్లార్చిన మన్నును, నేను డబ్బాలో పోసి మూత పెట్టిన మన్నును, మళ్ళీ పెనంలోకి ఒంపింది. తెడ్డు పట్టుకుంది. పట్టుకోవడం చూస్తేనే తెలిసింది, అది కొత్తగా నేర్చుకునే చెయ్యి కాదు. నిదానంగా అంచుల నించి మధ్యకు, మధ్య నించి అంచులకు. నాన్న తిప్పినట్టు. ఒక చిటికెడు తీసి కాగితం మీద చల్లార్చి, నాన్న చెక్క పక్కన పెట్టి చూసింది. మళ్ళీ వెళ్ళి తిప్పింది. మళ్ళీ చిటికెడు తెచ్చి చూసింది. మూడోసారికి దింపింది.

లోపలికి వెళ్ళాను. తెడ్డు కింద పడేసింది.

"ఏం చేస్తున్నావు?"

వంగి తెడ్డు తీయబోయింది.

"నిన్నే. నేను కాల్చినదాన్ని మళ్ళీ ఎందుకు కాలుస్తున్నావు?"

"కాలలేదు వదినా. సగమే కాలింది."

"ఎన్నాళ్ళ నించి ఈ పని?"

"వానలు మొదలైనప్పటి నించి."

వేళ్ళ మీద లెక్కేశాను. ఎనిమిది నెలలు.

"కొన్ని పెనాలా, అన్నీనా?"

"మొదట్లో కొన్నే వదినా." గొంతు పూర్తిగా తగ్గించేసింది. "తర్వాత అన్నీ."

"నాటకశాలకు పోయినవి?"

"ఏడూ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు తట్టుకోలేరని."

"ఎవరన్నారు ఆ మాట?"

ఆమె తలుపు వైపు చూసింది. అక్కడ తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. "నేనే అన్నాను అక్కా" అన్నాడు. "నువ్వు బాధపడతావని. ఆ పెనం తప్ప నీకింకేముంది?"

తల కొట్టేసినట్టయింది. వాళ్ళను కడిగేద్దామని వెళ్ళినదాన్ని, వెనక్కి తిరిగాను. గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఈసారి మంచం నిజంగానే కిర్రుమంది.

ఫిబ్రవరి 18

రాయడానికేమీ లేదు.

ఫిబ్రవరి 18, సాయంత్రం

ఉంది. దొంగతనం చేసి ఉంటే బాగుండేది. నా చోటు లాక్కోవాలని చూసి ఉంటే జుట్టు పట్టుకునేదాన్ని, ఆమె ఏడ్చేది, నేను అరిచేదాన్ని, సాయంత్రానికి ఇద్దరం టీ తాగేవాళ్ళం. వీళ్ళు నా మీద జాలిపడ్డారు. నేను పదిహేడేళ్ళు పెత్తనం చేసిన మనిషి ఎనిమిది నెలలుగా నన్ను చంటిపిల్లలా ఎత్తుకు తిరిగింది. ఆరో డబ్బా చూసి ఆయన "మీ నాన్నగారి చెయ్యి" అన్నప్పుడు నేను నవ్వుతూ నిలబడ్డాను. ఆమె నా వెనకాలే టీ గ్లాసులు పట్టుకుని నిలబడింది. ఇద్దరం విన్నాం. ఒకరికే తెలుసు.

నాకు బతకడానికి జాలి అక్కర్లేదు. రెండు పూటలా తిట్టినా పడతాను. జాలిని మాత్రం పడలేను.

కళ్ళకేమీ కాలేదు. మరదలి కళ్ళకే ఏదో అయింది.

ఫిబ్రవరి 19

మరదల్ని పిలిచాను. భయపడుతూ వచ్చింది. ఎనిమిదో డబ్బాలోంచి అయిదు కాగితాల మీద, ఏడో డబ్బాలోంచి అయిదు కాగితాల మీద పూయమన్నాను. వెనకవైపు గుర్తు పెట్టమన్నాను. పది కాగితాలూ కలిపి పెరట్లో ఎండలో బండ మీద పరవమన్నాను.

"ఎందుకు వదినా ఇదంతా?"

"నోరు మూసుకుని పూయి."

విడదీశాను. అరగంట పట్టింది. నారింజవి ఇటు, ఎర్రవి అటు. ఖాయం అనుకున్నాక తిప్పి చూడమన్నాను. ఆమె ఒక్కొక్కటే తిప్పింది. పదింట్లో అయిదు తప్పు.

అయిదు. కళ్ళకు గంతలు కట్టుకుని చేసినా అయిదు వస్తాయి.

"ఎండ ఎక్కువగా ఉంది వదినా, అందుకే" అంది మరదలు.

"ఇంకొక్కసారి నన్ను వెనకేసుకొచ్చావంటే ఊరుకోను" అన్నాను.

ఏడ్చింది. నేను ఏడవలేదు. కాగితాలన్నీ ఏరుకుని లోపలికి వచ్చి ఏడ్చాను.

ఫిబ్రవరి 21

కళ్ళ డాక్టరమ్మ నా తమ్ముడి కూతురయ్యే వయసులో ఉంది. మిషన్‌కు గడ్డం ఆనించమంది, పైకి చూడమంది, కిందికి చూడమంది.

"రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయమ్మా. బాగా ముదిరాయి, గోధుమరంగుకొచ్చాయి. టీ నీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉంటుంది మీకు. మీరేం పని చేస్తారు?"

"రంగులు చేస్తాను."

పెన్ను పక్కన పెట్టి నా వంక చూసింది. "ఇన్నాళ్ళు ఎలా చేశారు?"

"నేను చేయలేదు" అన్నాను.

ఆమెకేం అర్థమైందో. పొయ్యి వేడి దగ్గర ఏళ్ళ తరబడి ఉండటం వల్ల కూడా త్వరగా రావచ్చునంది. మెల్లిగా వచ్చింది కాబట్టి తెలియదంది. నీలాలు ముందు చచ్చిపోతాయట, అన్నీ ముదురుగా ఎర్రగా కనిపిస్తాయట. అదన్నమాట. సగం కాలిన మన్ను నాకు పూర్తిగా కాలినట్టు కనిపించింది. తలలో ఉన్న ఎరుపుతో సరిపోయింది, దింపేశాను. నాన్న చెక్క పక్కన ఒక్కసారి పెట్టి చూసి ఉంటే ఎక్కడో ఒకచోట తేడా తెలిసేదేమో. అవసరం లేదనుకున్నాను. ఇరవై ఏళ్ళు గొప్పగా చెప్పుకున్నాను, దాన్ని చూడనని.

మార్చి 5న కుడి కన్ను. రెండో కన్ను తర్వాత.

ఫిబ్రవరి 22

తమ్ముడు పొద్దున్నించీ నా వెనకే తిరుగుతున్నాడు.

"అక్కా, ఆపరేషన్ అయితే అన్నీ మామూలైపోతాయి. గోడలాయనకు ఇవన్నీ చెప్పాల్సిన పనిలేదు. మిగతా అయిదు డబ్బాలూ ఆవిడ కాలుస్తుంది, నీ పేరు మీదే వెళతాయి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా."

"తెలిస్తే? ఆయన ఫ్యాక్టరీ రంగు తెప్పించుకుంటాడు. నాన్న ఎరుపు ఆ గోడల మీద ఇక ఉండదు. పంతానికి పోయి పోగొట్టుకుంటావా?"

మరదలు తొట్టి పక్కన కూర్చుని వింటోంది. "నువ్వేమంటావు?" అని అడిగాను.

"మీరెలా అంటే అలాగే వదినా."

ఒళ్ళు మండింది. ఈ మనిషి చేతిలో నాన్న చెయ్యి ఉంది, నోట్లో మాట లేదు.

ఫిబ్రవరి 24

నాటకశాలకు ఒక్కదాన్నే వెళ్ళాను. బస్సు నంబరు పక్కనున్నావిడను అడిగాను. అడిగితే ఏమీ అయిపోలేదు.

గోడలాయన పైన పరంజా మీద పడుకుని అంచు దిద్దుతున్నాడు. నన్ను చూసి దిగి వచ్చి కుర్చీ వేశాడు. కూర్చోలేదు.

"మీరు ఎనిమిదో డబ్బా వెనక్కి ఇచ్చారు కదా. అదొక్కటే నేను కాల్చింది" అన్నాను.

"అంటే?"

"ముందు పంపిన ఏడూ మా మరదలు కాల్చింది. నా కళ్ళలో శుక్లాలున్నాయి. నాకు తెలియదు. ఆమె నాకు తెలియకుండా మళ్ళీ కాల్చి సరిచేసింది. ఎనిమిదోదప్పుడు ఆమె ఊళ్ళో లేదు, అంతే."

చేతులు తుడుచుకున్నాడు. "ఈ సంగతి కమిటీకి చెప్పకుండా ఉండలేను మేడమ్. మీ నాన్నగారి దగ్గర నేర్చుకున్న మనిషి అని చెప్పే నేను వాళ్ళను ఒప్పించాను. మీ మరదలు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"ఎవరి దగ్గరా లేదు. నా వెనక నిలబడి, తిట్లు తింటూ నేర్చుకుంది."

"మరి ఆవిడకు వచ్చని నేనెలా చెప్పను?"

"ఏడు డబ్బాలు మీ గోడ మీదే ఉన్నాయి. మీ చేత్తో మీరే పూశారు. ఏం, ఇవాళ నేను చెప్పగానే ఆ రంగు మారిపోయిందా?"

గోడ వైపు తిరిగి చూశాడు. నేనూ చూశాను, నాకేం కనబడుతుంది కనుక. ఆయనకు కనిపించింది.

"కమిటీ వాళ్ళను ఇక్కడికే తీసుకొస్తాను" అన్నాడు. "గోడ ముందు నిలబెట్టి, అప్పుడు చెబుతాను."

"గోడ పక్కన పెట్టే ఫలకం మీద ఎరుపు కాల్చింది ఎవరో రాయిస్తామన్నారు. నా పేరు తీసేయించండి."

"మీ ఇద్దరి పేర్లూ రాయిస్తానులెండి."

"నేను కాల్చి, మీరు తీసుకున్న డబ్బా ఒక్కటి చూపించండి, అప్పుడు రాయించండి" అన్నాను. వచ్చేశాను.

మార్చి 1

గోడలాయన ఫోను. కమిటీ ఒప్పుకుంది. మిగతా అయిదూ మరదలే కాల్చాలి.

మరదలికి చెప్పాను. "నాకు భయం వదినా" అంది.

"నా వెనక చేసేటప్పుడు లేని భయం నా ముందు ఎందుకు?"

మార్చి 6

కట్టు విప్పారు.

డాక్టరమ్మ గది గోడలు తెల్లగా ఉన్నాయి. తెలుపు అంటే ఇంత తెలుపు అని మర్చిపోయాను. నర్సు చొక్కా నీలం. కిటికీ బయట నీలం. బయట నిలబెట్టిన స్కూటరు నీలం. లోకంలో ఇంత నీలం ఉంచుకుని ఎవరూ నాకు చెప్పలేదేం అనిపించింది.

ఇంటికి వచ్చి మూడో తొట్టి చూశాను. బూడిద రంగు అనుకున్నాను దాన్ని, అది కూడా నీలమే. మరదలి చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఎడమ ముంజేతి మీద పెనం అంచు తగిలిన మచ్చలు, పాతవి నాలుగు, మానుతున్నది ఒకటి. ఎనిమిది నెలలుగా నా ఎదురుగా ఆ చేత్తోనే అన్నం వడ్డించింది.

ఎనిమిదో డబ్బా మూత తీశాను. కుడి కంటితో చూశాను. నారింజ. కొంచెం కూడా కాదు, పచ్చి నారింజ. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. ఎరుపు, నాన్న ఎరుపు. మళ్ళీ కుడి కన్ను, మళ్ళీ ఎడమ కన్ను. అలా ఎంతసేపు చేశానో తెలియదు. దీన్ని పట్టుకుని ఆయనతో పోట్లాడాను. సిగ్గుతో చచ్చిపోయాను, మళ్ళీ బతికాను, ఎందుకంటే ఆ కన్ను ఉన్నంతవరకు ఎవరైనా అలాగే పోట్లాడతారు. నాకు కనిపించిందే నేను చెప్పాను. అబద్ధం చెప్పలేదు.

మార్చి 16

ఐదు వారాలు దుమ్ము, పొగ, వేడి దగ్గరకు వెళ్ళకూడదట. వరండాలో కుర్చీ వేసుకుని కార్ఖానా కిటికీలోంచి చూస్తున్నాను. మరదలు కాలుస్తోంది. దింపిన ప్రతిసారీ నా వైపు చూస్తోంది, బడిపిల్ల మార్కుల కోసం చూసినట్టు. నేను మొహం తిప్పుకుంటున్నాను.

నాన్న చెక్క తెప్పించుకుని ఆమె ఎరుపును పక్కన పెట్టి, కొత్త కంటితో చూశాను. అతుకు తెలియడం లేదు. రెండేళ్ళ కిందటి నా సొంత ఎరుపు కూడా పెట్టి చూశాను, కళ్ళు బాగున్నప్పటిది. నాది కొంచెం బరువుగా ఉంది. చెడ్డది కాదు. కానీ నాన్న ఎరుపు ఆమెది, నాది కాదు.

ఈ మాట ఆమెకు చెప్పను.

మార్చి 17

చెప్పాను. తొట్టి పక్కన కూర్చుండిపోయింది. ఆ పూట తొట్టి వంచడం మర్చిపోయింది, పదిహేడేళ్ళలో మొదటిసారి.

ఏప్రిల్ 2

పన్నెండో డబ్బా వెళ్ళింది. గోడలాయన మూత తీసి చూసి తల ఊపాడు. మరదలికి నమస్కారం పెట్టి వెళ్ళాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఆ నమస్కారం నాకేమోనని.

ఏప్రిల్ 9

పొద్దున కార్ఖానాలోకి వెళితే పెనం తోమి, తెడ్డు కడిగి, పొయ్యి పక్కన నా పీట వేసి ఉంది. మరదలు మళ్ళీ తొట్ల దగ్గర చేరింది.

"రండి వదినా, డాక్టరమ్మ రేపటి నించి కాల్చుకోవచ్చంది కదా. మీ చోటు మీకు సిద్ధం చేశాను."

"మరి నీ చోటు?"

"నాదెక్కడ వదినా. నేను మీకు బాగయ్యేదాకా చూశానంతే."

మళ్ళీ అదే. మళ్ళీ దయ. మేస్త్రిని పిలిపించాను. "దీని పక్కనే ఇంకో పొయ్యి కట్టు" అన్నాను.

తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. "రెండు పొయ్యిలెందుకు అక్కా? ఉన్న పనికి ఒకటే ఎక్కువ."

"మనుషులం ఇద్దరం ఉన్నాం కనుక."

"మరి తొట్లు ఎవరు చూస్తారు?"

"నువ్వు. ఈసారి చెప్పులు బయట విప్పి రా."

మరదలు నవ్వబోయి ఆపుకుంది. ఆమె దగ్గరకు వెళ్ళి చెప్పాను. "ఒకటే షరతు. నేను తప్పు చేస్తే నా మొహం మీద చెప్పాలి. అప్పటికప్పుడు. వెనక నించి దిద్దావో, ఆ పెనం తీసి బావిలో పారేస్తాను. నేనూ కాల్చను, నువ్వూ కాల్చవు."

"అలాగే వదినా" అంది. ఆ మాట ఈమె నోట వింటే నమ్మకం పోతుంది.

ఏప్రిల్ 17

కొత్త పొయ్యి తడి ఆరింది. మేస్త్రి నిన్ననే మంట పెట్టి చూసి వెళ్ళాడు.

ఏప్రిల్ 18

ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మొదటి పెనాలు. ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితోనే చూశాను. పసుపు, నారింజ, లేత ఎరుపు. పది నెలల తర్వాత రంగు మారడం కళ్ళారా చూశాను, ఒళ్ళు పులకరించింది. ఈసారి తొందరపడకూడదు అనుకున్నాను. నారింజ అన్న మాట మళ్ళీ పడకూడదు. తిప్పుతూ ఉన్నాను. కొత్త కంటికి అంతా వెలుగుగా ఉంది, రంగు ఇంకా లేతగానే ఉంది.

మరదలు తనది దింపేసింది. నా పెనం వైపు చూసింది. పెదవులు బిగించింది. తల తిప్పుకుంది. మళ్ళీ చూసింది.

"ఏమిటి?"

"ఏం లేదు వదినా."

"మన షరతు ఏమిటి?"

తెడ్డు కింద పెట్టింది. లేచి నిలబడింది. "దింపండి వదినా. ఎప్పుడో దింపాల్సింది. మీరు తప్పు చేస్తున్నారు."

"నాకు కనిపిస్తోంది. ఇంకా కాలాలి."

"కాలిపోయింది. మీకు బెదురు, అందుకే దింపడం లేదు."

పదిహేడేళ్ళు. నా మొహంలోకి చూసి, రెప్ప వేయకుండా, బెదురు అంది. కోపం నషాళానికి అంటింది. దింపలేదు. కావాలనే ఇంకో పది తిప్పులు తిప్పాను. అప్పుడు దింపాను. ఇద్దరం చేతులు కట్టుకుని అది చల్లారేదాకా నిలబడ్డాం. తమ్ముడు తొట్టి దగ్గర నించి వచ్చి చూసి, మా మొహాలు చూసి, వెనక్కి వెళ్ళిపోయాడు.

చల్లారింది. నాన్న చెక్క పక్కన పెట్టాను. ఎరుపు దాటిపోయింది. ముదురు గోధుమ. సగం కాలినదాన్ని మళ్ళీ కాల్చి సరిచేయవచ్చు. ఎక్కువ కాలినదాన్ని ఎవరూ ఏమీ చేయలేరు, నేను పడుకున్నాక కూడా.

"చెప్పాను కదా" అంది మరదలు.

"చెప్పావు."

ఓదార్చలేదు. ఎండ ఎక్కువైందనలేదు, కన్ను కొత్తది కదా అనలేదు. తన పెనంలో రెండో విడత మన్ను పోసుకుని కూర్చుంది. నేను ఆ గోధుమను చేతిలోకి తీసుకున్నాను. పూర్తిగా పాడైపోయింది. దాన్ని చూస్తూ నవ్వొచ్చింది, ఆపుకోలేదు. పది నెలల తర్వాత నా తప్పు నాకు దక్కింది.